పెళ్ళి పరుపులో మా ఇంటి గుప్పెడు

మా ఊళ్ళో పెళ్ళి పరుపు కుట్టినప్పుడల్లా నాన్న అందులో మా ఇంటి దూది ఓ గుప్పెడు వేసేవాడు. ఎందుకని అడిగితే తాత వేసేవాడు కాబట్టి అనేవాడు. పెరట్లో నూతి పక్కన రెండు పత్తి చెట్లుండేవి. వాటి పత్తి మరీ తెల్లగా ఉండదు, కాస్త గోధుమరంగు తిరిగి ఉంటుంది. కాయలు పగిలినప్పుడల్లా అమ్మ ఏరి, గింజ తీసి, ఓ గుడ్డసంచిలో కూరి షెడ్డులో మేకుకి తగిలించేది. పెళ్ళివారి దూది అంతా ఏకడం అయ్యాక ఆ సంచిలోంచి గుప్పెడు తీసి, ఏకి, తలవైపు పొరలో పరిచి, అప్పుడు గుడ్డ మూసి కుట్టేవాడు నాన్న. పరుపు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు "మీ ఇంటిది వేశారా అండి?" అని అడిగి మరీ ఎత్తించుకునేవారు. ఊళ్ళో సగం కాపురాలు మన పెరటి పత్తి మీదే మొదలయ్యాయని అమ్మ నవ్వేది.

మాది పశ్చిమ గోదావరిలో కాలవ మీద నీళ్ళాపే లాకుల దగ్గర ఉన్న ఊరు. పేరుకి పంచాయతీయే గానీ బజారు చూస్తే చిన్న టౌను. కాలవకి అవతల మిషన్ ఆస్పత్రి, దాని పక్కనే చర్చి, ఆ ఆస్పత్రిలో మలయాళం మాట్లాడుకునే నర్సులు. బజార్లో రెండు మార్వాడీ బట్టల కొట్లు. లాకుల కింద చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళు. మసీదు వీధిలో ఓ పాతిక ఉర్దూ ఇళ్ళు, ఎక్కువమంది దర్జీలు. మిగతా ఊరంతా వరి పండించే రైతులు. మేము దూదేకులవాళ్ళం. ఆ ఊరంతటికీ మాది ఒకటే ఇల్లు.

మాకు ఉర్దూ రాదు. ఇంట్లో తెలుగే, తిట్లు కూడా తెలుగులోనే. నాన్న మసీదుకి వెళ్ళేవాడు, దార్లో అమ్మవారి గుడి దగ్గర చెప్పులు విడిచి ఓ క్షణం నిలబడి మరీ వెళ్ళేవాడు. మసీదు వీధివాళ్ళు మాతో మర్యాదగానే ఉండేవారు గానీ సంబంధం మాట వస్తే మొహం పక్కకి తిప్పుకునేవారు. వాళ్ళ లెక్కలో మేము సగం సాయిబులం. ఊరివాళ్ళకి ఆ తేడా తెలీదు, వాళ్ళకి మేము పూర్తి సాయిబులమే. చిన్నప్పుడు నాకిది నవ్వులాటగా ఉండేది. ఆ చలికాలంలో మాత్రం నవ్వు రాలేదు.

ఎక్కడో ఉత్తరాదిన జరిగిన మతాల గొడవలు రోజూ పేపర్లో వస్తున్న రోజులవి. మా ఊళ్ళో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. కాకపోతే టీ కొట్టు దగ్గర పేపరు పైకి చదివేవాళ్ళు నాన్న వస్తే మనసులో చదువుకోవడం మొదలుపెట్టారు. మసీదు వీధి దర్జీలు సాయంత్రం అయ్యేసరికి తలుపులు వేసేసుకునేవారు. నాకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. డిగ్రీలో ఇంగ్లీషు తప్పి ఇంట్లో కూచున్నాను. ఎవరి మీదో తెలియని కోపం ఒంటినిండా ఉండేది. నాన్న అందరికీ రెండు చేతులూ జోడించి నమస్కారం పెడుతుంటే నాకు మండుకొచ్చేది.

ఆ జనవరి చివర్లోనే మసీదు వీధిలో ఒక పెద్దాయన పోయాడు. ఆ వీధికంతటికీ పెద్ద. ఆయన భార్య, డెబ్బై ఏళ్ళ మనిషి, నాన్నని పిలిపించింది. ఆయన మూడు నెలలు మంచాన తీసుకుని పోయిన పరుపు విప్పించి, తలవైపు దూది మాత్రం ఒక సంచెడు తీయించింది. మనవళ్ళకి రెండు దిండ్లు చేసి పెట్టమంది. వాళ్ళకి అందులో తప్పేమీ లేదు, తాత తల పెట్టుకున్న దూది అంతే. మా ఊళ్ళో మాత్రం మనిషి పోయిన పరుపు ఎవరూ ఇంట్లో ఉంచుకోరు, చాకలివాళ్ళకి ఇచ్చేస్తారు, లేదంటే కాలవగట్టున పారేస్తారు. నాన్న కూడా అలాంటి దూది ముట్టుకునేవాడు కాదు. అది ఇంకో ఇంటి దూదిలో కలిస్తే ఆ ఇంటికి మంచిది కాదని ఆయన నమ్మకం. మా నమ్మకాలు సగం మసీదువి, సగం ఊరివి. అయినా ఆవిడ మాట కాదనలేకపోయాడు. మసీదు వీధివాళ్ళు ఏనాడూ మా చేత పని చేయించుకోలేదు, నరసాపురం నుంచి ఎవర్నో పిలిపించుకునేవారు. మొదటిసారి పిలిచారు. నాన్న ఆ సంచి భుజాన వేసుకుని ఇంటికి వచ్చినప్పుడు ఆయన మొహం చూసి నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి. పిలిస్తే చాలా, అంత పొంగిపోవాలా అనుకున్నాను.

ఆ సంచి మూతికి ఎర్రదారం కట్టి, దూది ఏకే మిషను దగ్గరికి తేవద్దని, అప్పుడు చేతిలో ఉన్న పెళ్ళి పరుపు ఇల్లు దాటేదాకా దాన్ని విప్పవద్దని నాన్న అమ్మకీ నాకూ చెప్పాడు. వేరే ఇంటి సంచులకి ఎర్రదారం కట్టడం ఆయన అలవాటు. మా ఇంటి సంచికి దారం ఉండదు. సంచులన్నీ మిగిలిపోయిన పరుపు గుడ్డతో అమ్మ కుట్టినవే కాబట్టి ఆ దారమే గుర్తు.

పెళ్ళి పరుపు లాకుల అవతల పెద్దింటివారిది. ఆ ఇంట్లో పెత్తనమంతా మామ్మగారిది, అంటే పెళ్ళికూతురి నాన్నమ్మది. ఆవిడ పెళ్ళికి మా తాత పరుపు కుట్టాడు, ఆవిడ కోడళ్ళకి నాన్న కుట్టాడు. ఆ ఇంటి పని ఉంటే ఊళ్ళో మిగతా ఇళ్ళ పని ఉన్నట్టే. మాఘమాసంలో ముహూర్తం. శుక్రవారం పెళ్ళి. మంగళవారానికి పరుపు చేరాలి.

సోమవారం పొద్దున్న పోలీస్ స్టేషన్ నుంచి కబురు వచ్చింది. శాంతి కమిటీ మీటింగు పెట్టారు, ఊళ్ళో అన్ని మతాల పెద్దలూ రావాలన్నారు. దానికి నాన్నని కూడా రమ్మన్నారు. అమ్మ మోకాలి నొప్పికి మిషన్ ఆస్పత్రికి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. కరెంటు పదింటికి పోతుంది. దూది ఏకడం నాకు చేతనవును, చిన్నప్పట్నుంచీ చేస్తున్నదే. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏకేసి ఉంచు, వచ్చి కుడతాను, గుప్పెడు మాత్రం మర్చిపోకు అని చెప్పి వెళ్ళాడు.

తొమ్మిదిన్నరకి పెళ్ళివారి దూది అంతా ఏకడం అయిపోయింది. మేకు వైపు చెయ్యి చాచి సంచి తీశాను. మూతికి ఎర్రదారం ఉంది. నేను చూడలేదని అబద్ధం ఆడను, చూశాను. చూసి, అమ్మ ఏదో చేతికందిన దారం కట్టి ఉంటుందనుకున్నాను. మేకు మాది, సంచి మాది, లోపల దూది గోధుమరంగులో ఉంది. పదింటికి కరెంటు పోతే మళ్ళీ సాయంత్రం దాకా రాదు. మనసంతా స్టేషన్లో నాన్న ఎక్కడ నిలబడి ఉంటాడా, ఎవరికి దణ్ణం పెడుతూ ఉంటాడా అన్న దాని మీద ఉంది. దారం తెంపేసి, గుప్పెడు కంటే కాస్త ఎక్కువే తీసి, మిషన్లో వేసి, ఎలా పొంగిందో కూడా చూడకుండా తలవైపు పరిచి, పైన గుడ్డ కప్పేశాను.

నాన్న పదకొండింటికి వచ్చాడు. తనకి కుర్చీ వేశారని చెప్పాడు. మసీదు వీధికి ఇప్పుడు పెద్దగా ఉన్నాయన పక్కన, పాస్టరు గారి పక్కన కుర్చీ. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట, మా వల్ల ఏ గొడవా రాదని. మా వల్లనా అన్నాను నేను. నాన్న వినిపించుకోలేదు. కుర్చీ సంగతే మళ్ళీ చెప్పాడు. ఆ తర్వాత దబ్బనం అందుకుంటూ "గుప్పెడు వేశావా?" అని అడిగాడు. వేశానన్నాను. చీకటి పడకముందే పరుపు కుట్టడం పూర్తయింది, మంగళవారం పొద్దున్నే రిక్షాలో పెద్దింటికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం అమ్మ షెడ్డు ఊడుస్తూ నన్ను పిలిచింది. మేకు మీద సంచి మూతి విప్పి ఉంది, కింద తెగిన ఎర్రదారం ఉంది. అటక మీద ఎలకలు కొట్టని డబ్బాలో మా ఇంటి సంచి నిండుగా, ముట్టుకోకుండా ఉంది. ఎలకల భయానికి మన సంచి అటకెక్కించి, ఖాళీ అయిన మేకుకి ముసలావిడ సంచి తగిలించింది అమ్మే. నాకు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదనుకుంది, దారం ఉంది కదా మరి.

ఇద్దరం నేల మీద కూచుండిపోయాం. నాన్న అన్నం తినడానికి వచ్చి మమ్మల్ని చూశాడు, దారం చూశాడు. కంచం ముందు కూచుని, లేచి, చెయ్యి కడిగేసుకున్నాడు.

అమ్మ ఊరుకుందామంది. దూది చూసి ఎవరు పోల్చగలరు, పిల్ల సుఖంగా కాపురం చేసుకుంటుంది, మనం నోరు మూసుకుంటే సరిపోతుంది అంది. నేనూ అదే అన్నాను, ఇంకా గట్టిగా. దూదిలో ఏముంది నాన్నా, ఎవరు పడుకుంటే ఏంటి, అన్నాను. నాన్న తల అడ్డంగా ఊపాడు. ఆ పిల్ల పుట్టినప్పుడు ఉయ్యాల్లో పరుపు కుట్టింది కూడా ఆయనే. రేపు ఆ పిల్లకి ఏదైనా జరిగితే జీవితాంతం నాకు నిద్ర పట్టదు అన్నాడు. పరుపు వెనక్కి తెచ్చుకుని, ఆ పొర తీసేసి, మన గుప్పెడు వేసి మళ్ళీ ఇచ్చేద్దామన్నాడు. మరి ఏమని చెప్పి తెచ్చుకుంటావంటే నిజమే చెబుతానన్నాడు.

అప్పుడే నాకు నిజంగా భయం వేసింది. మామూలు రోజుల్లో అయితే చెప్పొచ్చు. మామ్మగారు నాలుగు తిట్టి, పసుపునీళ్ళు చల్లించి, వేరే దూది ఇచ్చి కుట్టించుకునేవారు. ఇప్పుడు, ఈ చలికాలంలో, మసీదు వీధిలో పోయినాయన దూది తెచ్చి సాయిబు పెళ్ళి పరుపులో వేశాడంటే అది పొరపాటని ఎవరు నమ్ముతారు? నిన్ననే మా వల్ల ఏ గొడవా రాదని సంతకం పెట్టి వచ్చిన మనిషి ఈయన. అందుకని ఒక అబద్ధం చెప్పమన్నాను. దబ్బనం మొన విరిగి లోపల ఉండిపోయిందేమోనని అనుమానంగా ఉంది, చూసి ఇస్తానని చెప్పమన్నాను. పరుపులు కుట్టేవాళ్ళకి అది జరిగే పనే. పనివాడికి కాస్త నామోషీ, అంతే. ఆ అబద్ధం పూర్తిగా నాదే. చాలా తెలివైనదాన్నని కూడా అనుకున్నాను.

సాయంత్రం నాన్నతో నేనూ వెళ్ళాను. తాటాకు పందిరి వేస్తున్నారు. మామ్మగారు అరుగు మీద కూచుని తమలపాకులు తుడుస్తున్నారు. నాన్న మెట్ల కింద నిలబడి నేను చెప్పమన్నది చెప్పాడు. ఆవిడ చెయ్యి ఆగింది.

"సూదా? పెళ్ళిపిల్ల పరుపులోనా?" అన్నారు.

"అనుమానమేనండి అమ్మగారూ. ఒక్కసారి ఇంటికి పట్టుకెళ్ళి విప్పి చూసి, పొద్దున్నే తెచ్చేస్తానండి."

ఆవిడ చిన్నకొడుకు, అంటే పెళ్ళికూతురి బాబాయి, పందిరి గుంజ దగ్గర నుంచి వచ్చాడు. ఇంటికెందుకు, విప్పేదేదో రేపు ఇక్కడే మా కళ్ళ ముందు విప్పమన్నాడు. మిషను ఇంటి దగ్గరుంది కదండీ అని నాన్న నసిగాడు. మీ నాన్న ఈ పెరట్లోనే కూచుని విల్లుతో దూది ఏకేవాడటగా, నువ్వూ విల్లు పట్టుకునే రా అన్నాడాయన. మామ్మగారు ఏదో ఒకటి అంటారని నాన్న చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

బుధవారం తెల్లారేసరికి సూది ఊరంతా తిరిగింది. మా గేటు ముందు పాలు పోసే ఆవిడ నన్ను చూసి, సాయిబుగారు పెళ్ళి పరుపులో సూదులు పెట్టారంటున్నారు నిజమేనా అమ్మా అని అడిగింది. ఒక సూది అప్పటికే సూదులయింది. విరిగి ఉండిపోయిన మొన కాస్తా పెట్టిన సూది అయింది. మసీదు వీధిలో ఆ రోజు ఒక్క కొట్టు తెరవలేదు. ఓ దర్జీ నాన్న దగ్గరికి వచ్చి గుమ్మం బయటే నిలబడి, మీ ఒక్కరి పని వల్ల మా వీధి పిల్లలు బడికి వెళ్ళలేదండి అని చెప్పి వెళ్ళిపోయాడు. అబద్ధం చెప్పమన్న నోరు నాది. ఆ పొద్దున్న ఆ నోటితో నేను మంచినీళ్ళు కూడా తాగలేకపోయాను.

మిషను కొన్నప్పట్నుంచీ, అంటే మూడేళ్ళుగా, విల్లు షెడ్డు గోడకి వేలాడుతూనే ఉంది. మనిషి పొడుగుంటుంది. నారి వదులైపోయింది. నాన్న దాన్ని బిగించి, వేలితో మీటి చూసి, నారిని కొట్టే చెక్క గుండు సంచిలో వేసుకున్నాడు. నేను మా ఇంటి దూది సంచి తీసుకున్నాను. పరుపు విప్పగానే ఆ పొర పక్కకి తీసి, దీన్ని వేసేద్దామని దార్లో మెల్లగా చెప్పాడు. నీ పని దారం అందించడం, నువ్వు మాత్రం నోరెత్తకు అన్నాడు.

పెద్దింటి పెరట్లో పశువుల పాక పక్కన మాకు చాప వేశారు. పరుపు అప్పటికే అక్కడ ఉంది. చుట్టూ నలభై యాభై మంది ఉన్నారు. వంటవాళ్ళు, పందిరివాళ్ళు, చుట్టాలు, బజార్లో రోజూ మాకు నమస్కారం పెట్టేవాళ్ళు. పెళ్ళికూతురు గోరింటాకు చేతులతో కిటికీలోంచి చూస్తోంది. బాబాయిగారూ ఆయన స్నేహితులు ముగ్గురూ చాపకి నాలుగు వైపులా నిలబడ్డారు. ఎవరూ కేకలు వేయలేదు. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

నాన్న కుట్లు తెంపి గుడ్డ తెరిచాడు. తెల్లటి దూది మధ్యలో, తలవైపు, గోధుమరంగు మరక జానెడు మేర స్పష్టంగా కనిపించింది. మా పెరటి పత్తి అయితే ఏకాక నురగలా పొంగుతుంది. ఇది పాతబడి రంగు తిరిగిన దూది, పొట్టిపోయి, అణిగి, అంటుకుని ఉంది. తెలిసినవాళ్ళు ఒక్క చూపులో పోల్చుకోగలరు. అక్కడ తెలిసినవాళ్ళం మేమిద్దరమే. నాన్న చెయ్యి దాని మీదికి వెళ్ళింది. వేళ్ళు దాని అంచుల కిందికి దూర్చి, మొత్తం ఒక్కసారిగా ఎత్తి చాప పక్కన పెట్టబోయాడు.

"ఏంటండి అది, పక్కకి తీస్తున్నారు?" అన్నాడు బాబాయిగారి స్నేహితుడొకడు.

నాన్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ చేతిలో ఉన్నది నేను మిషన్లో వేసిన దూది. చుట్టూ ఉన్న కళ్ళన్నీ ఆ చేతి మీదే ఉన్నాయి. నిజం చెప్పేద్దామని నేను లేచాను. పెద్దాయన పేరు, మేకు, ఎర్రదారం అన్నీ ఒకేసారి నోటి దాకా వచ్చాయి. నాన్న నా వైపు చూడకుండానే, "దారం పట్టుకో అమ్మా" అన్నాడు. నేను దారం పట్టుకుని కూచున్నాను.

"ఏం లేదండి. ముందు దీంతో మొదలెడదామని" అని వాళ్ళకి జవాబు చెప్పి, ఆ గోధుమరంగు దూదిని తెల్ల దూది మీద వేసి, దాని మీద విల్లు నిలిపి, గుండుతో నారిని కొట్టాడు.

మూడేళ్ళ తర్వాత ఆ చప్పుడు విన్నాను. దెబ్బ దెబ్బకీ దూది ఎగిరి, విడిపోయి, కలిసిపోయింది. నాన్న ఎంత బాగా ఏకితే అది అంత బాగా కలిసిపోతుంది. బాగా ఏకకపోతే సూది ఎక్కడో దాక్కుందంటారు. తన చేత్తో తీసేయాలనుకున్నదాన్ని తన చేత్తోనే పరుపంతా పరిచాడు. మధ్యాహ్నం దాకా ఏకుతూనే ఉన్నాడు. చెమటకి దూది పీచు మొహమంతా అంటుకుంది, కనుబొమ్మలు తెల్లబడ్డాయి. మంచినీళ్ళు ఎవరూ ఇవ్వలేదని కాదు, ఇచ్చారు. ఆయనే తాగలేదు. నాకు ఆ చాప మీద కూచున్నంతసేపూ మా నాన్న మీద జాలి, నా మీద అసహ్యం తప్ప ఇంకేమీ తోచలేదు.

సూది దొరకలేదు. లేనిది ఎలా దొరుకుతుంది. బాబాయిగారు దూదంతా చేత్తో కలియబెట్టి చూశారు.

"మరి సూది ఉందన్నారుగా?"

"నాదే పొరపాటండి. పెద్దవాణ్ణయిపోయాను, చూపు ఆనడం లేదు" అన్నాడు నాన్న. ఆయనకి అప్పటికి యాభై రెండేళ్ళు. చీకట్లో కూడా సూదిలో దారం ఎక్కించగలడు.

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో చుట్టూ ఉన్న బిగువు కాస్త సడలింది. జనం ఒక్కొక్కరే వంటల వైపు వెళ్ళిపోయారు. సాయిబుగారికి చాదస్తం పట్టిందని తేల్చుకున్నారు. ఊళ్ళో గొడవ ఏమీ కాలేదు, మర్నాడు మసీదు వీధి పిల్లలు బడికి వెళ్ళారు. దాని కోసమే ఆయన ముసలివాడినని ఒప్పుకున్నాడని నాకు తెలుసు.

పొరలు సర్ది, గుడ్డ పరిచి, తలవైపు కుట్టు వేయడానికి ముందు నాన్న నా వైపు చెయ్యి చాచాడు. నేను మా ఇంటి సంచి విప్పి, పెరటి పత్తి గుప్పెడు తీసి ఇచ్చాను. లోపల ఉన్నదాన్ని ఎలాగూ తీయలేకపోయాడు, కనీసం ఇది వేస్తే దానికి విరుగుడు అవుతుందని ఆయన ఆశపడ్డాడు. ఆ సంగతి తర్వాత అమ్మతో చెప్పాడు. అప్పటిదాకా వసారాలో కూచున్న మామ్మగారు అప్పుడు లేచి దగ్గరికి వచ్చారు. కోపంగా కాదు, చాలా మెత్తగా అన్నారు.

"ఈసారికి మీ ఇంటిది వద్దులే సాయిబూ."

నాన్న ఆ గుప్పెడు చేతిలో పట్టుకుని కాసేపు ఆవిడ వైపే చూశాడు. తర్వాత అలాగేనండి అని, దాన్ని నా సంచిలో తిరిగి పెట్టేసి, కుట్టు మొదలుపెట్టాడు. పోయినవాళ్ళ దూది లోపలే ఉంది. మాది బయట ఉంది.

మసీదు వీధి ముసలావిడ దిండ్లు నాన్న మర్నాడే కుట్టి ఇచ్చాడు. తగ్గిన దూదికి మా పెరటి పత్తి వేసి సరిచేశాడు. ఆవిడకి ఆ సంగతి చెప్పాడో లేదో నాకు తెలీదు. ఆ తర్వాత మాకు పాత పరుపులు ఏకే పని వచ్చింది గానీ పెళ్ళి పరుపు ఒక్కటీ రాలేదు. ఆ ఏడే భీమవరంలో రెడీమేడ్ కొబ్బరిపీచు పరుపుల షాపు పెట్టారు, అందుకే రావడం లేదు అనేవాడు నాన్న. అయ్యుండొచ్చు. ఆయన పోయేదాకా ఆ మాటే అన్నాడు.

పన్నెండేళ్ళ తర్వాత, రెండు వేల అయిదులో అనుకుంటాను, భీమవరం బస్టాండులో ఒకావిడ నన్ను గుర్తుపట్టి పలకరించింది. ఆ పెళ్ళికూతురే. పక్కన పదేళ్ళ కూతురు ఉంది. మీ నాన్నగారు ఎలా ఉన్నారండి అని అడిగింది. పోయి రెండేళ్ళయిందన్నాను. అయ్యో అని, ఆయన కుట్టిన పరుపు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉందని చెప్పింది. మామ్మగారు మంచం పట్టాక ఈవిడ దగ్గరే ఉన్నారట. ఆ పరుపు మీదే మూడు నెలలు పడుకుని, దాని మీదే పోయారట.

"ఇంట్లోవాళ్ళు పారేయమన్నారండి. నేనే ఒప్పుకోలేదు. అంత మంచి దూది మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? మా మామ్మ పడుకున్న పరుపని నాకు భయమేంటండి?"

ఈ ఒక్క మాట ఆ రోజు పెరట్లో ఎవరైనా అని ఉంటే బాగుండేది. నాన్న చెయ్యి గాల్లో ఆగిపోయినప్పుడు అని ఉంటే ఇంకా బాగుండేది. కోపం వచ్చింది, ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆవిడ మొహంలో మాత్రం ఏ పాపమూ లేదు.

"అందులో మీ ఇంటి గుప్పెడు కూడా ఉంది కదండీ" అంది నవ్వుతూ.

లేదండి, ఆ రోజు మామ్మగారు వద్దన్నారు అని చెప్పేశాను. అంతవరకే చెప్పాను. మిగతాది ఈ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. నాకు తెలీదండి, నాకు అందరూ వేశారనే చెప్పారండి అంది. కూతురి చెయ్యి పట్టుకుంది. బస్సు వచ్చి ఆగింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

"వేసవిలో దాన్ని విప్పించి ఏకించాలనుకుంటున్నామండి. అప్పుడు మీ పెరటి పత్తి ఓ గుప్పెడు ఇస్తారా? మా అమ్మాయి కోసం."

ఇస్తానండి అన్నాను. మా పెరట్లో పత్తి చెట్లు రెండూ నాన్న ఆ పెళ్ళి జరిగిన ఏడు వేసవిలోనే నరికేశాడు.